చౌడప్ప, చౌడమ్మ ఒకే వరుసలో

జులై 7, సోమవారం

గంగాధరం సార్ ఈరోజు అందరి ముందూ నన్ను పొగిడారు. అందరూ అంటే మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉండే ముగ్గురే. అయినా పొగడ్త పొగడ్తే, రాసిపెట్టుకుంటాను.

పొగిడింది నా 'దాచు'ను చూసి. కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే ఉంటుంది గానీ పేరు మాత్రం అచ్చ తెలుగు, దాచు. ఇంతకుముందు డేటాబేస్‌లో ఒక్కో టేబుల్‌లో వివరాలు దాచడానికి ఒక్కో మెథడ్ రాసేవాళ్ళం. రైతుకొకటి, టమాటా లాటుకొకటి, లారీకొకటి. ఒకటి మారిస్తే ఏడు చోట్ల మార్చాలి. నేను అన్నిటినీ ఎత్తి పారేసి ఒక్కటే రాశాను. టేబుల్ పేరు చెప్పి, మనిషి వివరాలు ఇస్తే చాలు. ఆ మనిషి ముందే ఉంటే టేబుల్‌లో ఆ వరుసను మారుస్తుంది, లేకపోతే కొత్త వరుస చేరుస్తుంది. ఏ యాప్‌లో పెట్టినా పని చేస్తుంది.

అందులో అసలు తెలివి పేర్ల దగ్గర ఉంది. మదనపల్లె టమాటా మండీకి చేసిన యాప్‌లో ఒకే రైతును గుమాస్తాలు ఒకరోజు ఈశ్వరప్ప అని, ఇంకోరోజు ఈశ్వర అని టైపు కొట్టేవాళ్ళు. మన దిక్కున ప్రతి పేరుకూ అప్పో అమ్మో తగిలించనిదే నోరు ఊరుకోదు కదా. అందుకని 'దాచు' పేరు చివర ఉన్న అప్ప, అమ్మ, అన్న, అక్క కత్తిరించి, మిగిలిన ముక్కతో పోలుస్తుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఈ ఉపాయం తడుతుందా? తట్టదు.

మార్చిలో ట్రస్టు ఆస్పత్రి యాప్‌కు కూడా అదే వాడాం. ఒక్క అక్షరం మార్చలేదు. నర్సులు పుంగనూరు చుట్టుపక్కల ఊళ్ళకు ఫోన్లు పట్టుకుని వెళ్తారు, ఇంటింటి వివరాలు రాస్తారు, సిగ్నల్ దొరికినప్పుడు అవి సర్వర్‌కు చేరతాయి. ఇప్పుడు కుప్పం సెంటర్ వాళ్ళు కూడా కావాలంటున్నారట.

కింది ఇంటి కృపావతి ఆంటీ సాయంత్రం ఓళిగలు కాల్చి తెచ్చిచ్చింది. అంగళ్లులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆమె మేడమీద గదిలో అద్దెకు దిగాను, ఇప్పటికీ కదల్లేదు. ట్రస్టులో ఆమే అందరికన్నా పాత నర్సు. "నీ యాప్ బాగుండాది చంద్రీ, కండ్లద్దాలు లేకపోయినా కనిపిస్తాది" అంది. అక్షరాలు పెద్దవి చేసింది ఆమె కోసమే. చెప్పలేదు.

జులై 10, గురువారం

ఆంటీ పొద్దున ముగ్గు వేయలేదు. క్రిస్మస్‌కు స్టార్ కట్టి దాని కిందే ముగ్గు వేసే మనిషి ఆమె, ఒక్కరోజు మానదు. కిందికి దిగి చూస్తే వంటగదిలో స్టూలు మీద ఊరికే కూర్చుని ఉంది.

నిన్న పుంగనూరు క్లినిక్‌కు చౌడమ్మ అనే ఆమెను జ్వరంతో తీసుకొచ్చారట. ఒళ్ళు తెలియని జ్వరం, అడిగితే చెప్పే స్థితిలో లేదు. వెంట వచ్చిన అన్నకు ఏమీ తెలియదు. మాధవి డాక్టరమ్మ ఫోన్ తెరిచి చూసింది. 'పడని మందులు' అన్న చోట 'ఏమీ లేవు' అని ఉంది. పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు నిమిషాల్లో ముఖం ఉబ్బి, ఊపిరి ఆగి, బీపీ పడిపోయింది. మందులు వేసి ఊపిరి నిలబెట్టి, అంబులెన్స్‌లో తిరుపతికి పంపారు. ఇంకా ఐసీయూలో ఉందట.

"నేను రాసినాను చంద్రీ. పెన్సిలిన్ పడదని రాసినాను. ఆమె కండ్ల ముందరే రాసినాను" అంది ఆంటీ. మళ్ళీ మళ్ళీ అదే.

నేను ఓదార్చాలనే అన్నాను. "సేవ్ నొక్కడం మర్చిపోయి ఉంటారు ఆంటీ. అందరూ చేస్తారు ఆ పొరపాటు."

ఆమె నా ముఖం చూసి, తన చెయ్యి చూసుకుంది.

జులై 12, శనివారం

శనివారం కాబట్టి ఆఫీసులో ఎవరూ లేరు. ఆంటీ సేవ్ నొక్కలేదని రుజువు దొరికితే, ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఒక హెచ్చరిక పెట్టొచ్చని సర్వర్ తెరిచాను. దాని కోసమే తెరిచాను.

ఫోన్ల నుంచి వచ్చే ప్రతి మార్పూ సర్వర్‌లో ఒక పక్కన పడి ఉంటుంది. అది నేను తప్ప ఎవరూ చూడరు.

జూన్ 3. చౌడమ్మ, 54. పడని మందులు: పెన్సిలిన్. రాసింది కృపావతి. సేవ్ అయింది.

జూన్ 24. అదే ఇల్లు. చౌడప్ప, 58. పడని మందులు: ఏమీ లేవు. రాసింది కృపావతి.

అన్నాచెల్లెళ్ళు. ఇంటిదేవత చౌడేశ్వరి పేరే ఇద్దరికీ పెట్టారు. ఆమె మొగుడు పోయాక అన్న ఇంటికి వచ్చేసింది. నా 'దాచు' చౌడప్పలో అప్పను కత్తిరించింది, చౌడమ్మలో అమ్మను కత్తిరించింది. మిగిలింది చౌడ. ఒకే ఇల్లు, ఒకే పేరు, కాబట్టి ఒకే మనిషి. చెల్లెలి వరుస మీద అన్నను రాసేసింది. జులై 9న క్లినిక్ కౌంటర్‌లో చౌడమ్మ అని పేరు, వయసు, జ్వరం కొట్టారు. 'దాచు' మళ్ళీ అదే వరుసను తీసి, పేరూ వయసూ మార్చి, అన్నగారి 'ఏమీ లేవు'ను మాత్రం అలాగే ఉంచింది. డాక్టరమ్మ చదివింది దాన్నే.

మండీకి రైతు ఒక్కడే వస్తాడు. చెల్లెల్ని వెంటబెట్టుకుని రాడు. అందుకే అక్కడ ఎప్పుడూ బయటపడలేదు.

మా మేనత్తలు వెంకటరమణమ్మ, మునెమ్మ. మా నాన్న, చిన్నాన్న వెంకటరమణప్ప, మునెప్ప. మా ఇంట్లోనే ఉన్నారు. పుంగనూరు పక్క పల్లెలో పుట్టిన దాన్ని, నాకు తట్టలేదు. హైదరాబాద్‌వాడు అప్పను కత్తిరించడు, అందుకని వాడి దగ్గర ఈ తప్పు జరగదు. ఇది నేను మాత్రమే చేయగల తప్పు.

సోమవారం సార్‌కు చెప్తాను.

జులై 13, ఆదివారం

ఆంటీ చర్చికి వెళ్ళలేదు.

జులై 14, సోమవారం

సరిచేశాను. ఇప్పుడు 'దాచు' పేర్ల జోలికి పోదు. ప్రతి మనిషికీ విడిగా ఒక నంబరు. గంటన్నర పని. కొత్త వెర్షన్ అన్ని ఫోన్లకూ పంపించాను. దాని కింద ఏం మారిందో ఒక మాట రాయాలి. 'చిన్న సవరణలు' అని రాశాను.

సార్ బెంగళూరు వాళ్ళతో ఫోన్లలో ఉన్నారు. మధ్యలో దూరి చెప్పే విషయం కాదు ఇది.

ఇలా ఎన్ని ఇళ్ళలో ఇద్దరు ఒకరయ్యారో లెక్క తీశాను. నలభై ఒకటి. లెక్క మాత్రమే చూశాను, పేర్లు చూడలేదు. ఇక కొత్తగా ఎవరికీ జరగదు. ముఖ్యం అదే కదా.

జులై 17, గురువారం

కుప్పం వెళ్ళి వచ్చాం. పలమనేరు, వి.కోట మీదుగా కారులో. దారిపొడవునా గ్రానైట్ లారీల వెనక సార్ ఒకటే మాటలు, నేను ఊ కొడుతూ కూర్చున్నాను. రెండు సార్లు చెప్పాలని నోరు తెరిచాను. రెండు సార్లూ ఫోన్ వచ్చింది. (ఒకసారి వచ్చింది. రెండోసారి నేనే మూసుకున్నాను.)

అక్కడ పన్నెండు మంది నర్సులు. సార్ నా పేర్ల ఉపాయం గురించి గొప్పగా చెప్పారు. అది తీసేశానని ఆయనకు తెలియదు. యమున అనే నర్సు, సన్నగా, గట్టి గొంతు, చెయ్యెత్తింది.

"మా దిక్కున మునెప్ప, మునెమ్మ ఒగే ఇంట్లో ఉంటారు గదా మేడమ్. వాళ్ళిద్దురూ కలిసిపోతే యట్ల?"

పన్నెండు మందిలో ఒక్క నర్సు, యాప్ చూసిన పది నిమిషాలకు అడిగిన ప్రశ్న. నాకు నాలుగు నెలల్లో రాలేదు.

"కలవరు" అన్నాను.

నిజమే చెప్పాను. ఇప్పుడు కలవరు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

జులై 18, శుక్రవారం

చౌడమ్మ ఇంటికి వచ్చేసిందట. బతికింది. దేవుడా, బతికింది.

అయితే ఇంక చెప్పాల్సింది ఏముంది?

జులై 19, శనివారం

ఉంది.

ఆంటీ ఈరోజు చౌడమ్మ ఊరికి వెళ్ళి వచ్చింది. పుంగనూరులో బస్సు దిగి ఆటోలో వెళ్ళిందట. వెళ్ళి, "నేను మరిచిపోయినానమ్మా, నన్ను క్షమించు" అని చౌడమ్మ కాళ్ళు పట్టుకుందట. ముప్పై ఏళ్ళు ఆ ఊళ్ళలో కాన్పులు చేసిన మనిషి.

"ఏమనింది ఆంటీ ఆమె?" అని అడిగాను.

"ఏమీ అనలేదు. లెయ్యమ్మా అనింది, అంతే. నీళ్ళు కూడా ఇయ్యలేదు" అంది ఆంటీ.

మెట్లు ఎక్కి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ మాట ఆమె నోట పెట్టింది నేనే. మర్చిపోయి ఉంటారు ఆంటీ, అందరూ చేస్తారు. అప్పటికి నాకు తెలియదు. అప్పటికి తెలియదు, నిజం. తెలిసిన తర్వాత వారం రోజులైంది, అది కూడా నిజం.

జులై 21, సోమవారం

ఇది రాయకూడదనుకున్నాను.

పొద్దున ఏడింటికి ఆంటీ ఫోన్ పట్టుకుని మేడమీదికి వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుంది, నోట్‌బుక్కు తెచ్చుకుంది. "చంద్రీ, నాకు మొదుట్నించి నేర్పించు తల్లీ. రాసింది నిలబడాలంటే ఏమి చెయ్యాల? ఒకొక్కటీ చెప్పు, రాసుకుంటాను" అంది.

నేర్పించాను.

పేరు కొట్టండి. వయసు కొట్టండి. పడని మందులు కొట్టండి. ఇప్పుడు సేవ్. పచ్చ గుర్తు వచ్చేదాకా ఆగండి. ఆమె నోట్‌బుక్కులో ఒకటి, రెండు, మూడు అని వేసుకుని రాసుకుంది. 'పచ్చ గుర్తు' కింద రెండు గీతలు కొట్టింది. తర్వాత నన్ను చూడమని తనే చేసి చూపించింది. ఒక్క తప్పు లేదు. జూన్ 3న ఎలా చేసిందో అలాగే చేసింది.

"ఇట్లనే చేసినట్టు గుర్తుండాది చంద్రీ నాకు. మరి యాల పోయిందో" అంది.

"ఏమో ఆంటీ" అన్నాను.

నా తలమీద చెయ్యి వేసి, "నా వల్ల నీ యాప్‌కు చెడ్డపేరు వచ్చింది గదా" అని చెప్పి దిగిపోయింది. ఆఫీసుకు వెళ్ళలేదు.

జులై 25, శుక్రవారం

ట్రస్టు వాళ్ళు ఆంటీని ఊళ్ళకు పోవద్దన్నారు. ఫోన్ తీసుకున్నారు. బ్యాండేజీ గుడ్డలు మడిచే గదిలో కూర్చోబెట్టారు. ఎవరూ కోపంగా ఏమీ అనలేదట, "రెస్టు తీసుకోండి సిస్టర్" అన్నారట. అది ఇంకా ఘోరం.

తలకు స్కాన్ తీయించుకుంటుందట. వాళ్ళ అమ్మ చివరి రోజుల్లో కన్నకూతుళ్ళ పేర్లు మర్చిపోయిందని ఇవాళే నాకు చెప్పింది. చర్చి సంఘంలో తన జ్ఞాపకశక్తి కోసం ప్రార్థన పెట్టించింది. "నాకు భయంగా ఉండాది చంద్రీ" అంది. అంతటి మనిషి నోట భయం అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు.

రేపు చెప్తాను.

జులై 26, శనివారం

చెప్పలేదు.

జులై 28, సోమవారం

సర్వర్ పక్కన పడి ఉండే పాత మార్పులు అరవై రోజులు ఉంటాయి. తర్వాత వాటంతట అవే చెరిగిపోతాయి. ఆ నియమం పెట్టింది కూడా నేనే, జాగా మిగులుతుందని.

జూన్ 3కు అరవై రోజులు కలిపితే ఆగస్టు 2.

నేనేమీ చెరపక్కర్లేదు. వేలు కదపక్కర్లేదు. శనివారం పొద్దునకు కృపావతి రాసిందనడానికి లోకంలో ఏ సాక్ష్యమూ ఉండదు.

ఇది రాసి చదువుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకే తెలియదు. ఆ జూన్ 3 వరుసను కాపీ తీసి నా దగ్గర పెట్టుకున్నాను. ఎందుకు తీశానో సరిగ్గా తెలియదు. మంచి పనికే అయి ఉండాలి.

జులై 30, బుధవారం

నలభై ఒక్క ఇళ్ళ పేర్లు ఈరోజు తెరిచి చదివాను. ఇన్నాళ్ళూ అది అంకె.

గంగులప్ప, గంగులమ్మ. నాగన్న, నాగమ్మ. ఎర్రప్ప, ఎర్రక్క. అందరూ మా ఊరి మనుషుల్లాగే ఉన్నారు. నేను కోడ్ సరిచేసింది రేపటి నుంచి రాసేవాళ్ళకు. వీళ్ళ వరుసలు ముందే పోయాయి. చాలావరకు ఏప్రిల్, మే నెలల్లోవి, పాత మార్పులు చెరిగిపోయాయి కూడా. ఎవరికి ఏ మందు పడదో తెలియాలంటే మళ్ళీ ఆ ఇళ్ళకు వెళ్ళి అడగడమే దారి. ఎందుకు అడుగుతున్నామో చెప్పకుండా ఎలా అడగడం?

ఇంకా చెరగని వాటిలో ఒకటి చూశాను. నాగమ్మ, 31, సల్ఫా మందులు పడవు. యాప్‌లో ఇప్పుడు: ఏమీ లేవు. ఆమెకు ఇవాళ జ్వరం వస్తే? పద్దెనిమిది రోజులుగా ఎప్పుడైనా వచ్చి ఉంటే? 'ముఖ్యం అదే కదా' అని రాసుకుని మందిలో తిరిగాను. కుప్పంలో చప్పట్లు కొట్టించుకున్నాను.

జులై 31, గురువారం

చెప్పాను.

ముందు సార్‌కు. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత తనే ట్రస్టుకు ఫోన్ చేశారు. మా మెథడ్ తప్పు, మీ నర్సు తప్పు కాదు అని నా ముందే చెప్పారు. రేపటి నుంచి ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ రాయాలని తేల్చారు. ఆ ఊళ్ళు తెలిసింది ఆంటీకే కాబట్టి ఆమె, వెంట నేను. ఆమె ఫోన్ తిరిగి ఇస్తామన్నారు.

ఆ తర్వాత ఆంటీకి. కాపీ తీసిన ఆ వరుసను కాగితం మీద ప్రింటు తీసి ఆమె చేతికి ఇచ్చాను. జూన్ 3, చౌడమ్మ, పెన్సిలిన్, కృపావతి. ఆమె దాన్ని రెండు సార్లు చదివింది. చదివి, వంటగది గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"అయితే నా తల బాగనే ఉండాది" అంది. "నేను రాసినాను. ప్రభువా, నేను రాసినాను." ఏడ్చింది, మధ్యలో నవ్వింది. నేను తప్పు నాదని, పేర్లు కత్తిరించింది నేనని ఏదేదో చెప్తున్నాను. ఆమె వినడం లేదు.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది. "నీకెప్పుడు తెలిసింది చంద్రీ?"

"నిన్న" అన్నాను.

అలా అనాలని నేను అనుకోలేదు. దానంతట అదే వచ్చింది.

"నిన్న తెలిస్తే ఈ పొద్దే వచ్చి చెప్పినావు. ఎంతమంది చెప్తారు? దాచిపెట్టుకుంటారు. నిన్ను కన్నతల్లి చల్లగుండాల" అని నన్ను దగ్గరకు తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది.

ఊరుకున్నాను. ముద్దు పెట్టించుకున్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

మొదట చౌడమ్మ ఇల్లే అంది ఆంటీ. పుంగనూరు దాకా బస్సులో నా పక్కనే కూర్చుని, వేరుశెనగకాయలు ఒలిచి నా చేతిలో పెడుతూనే ఉంది. పదేళ్ళ వయసు తగ్గినట్టుంది ఆమెకు. బస్సులోనే చెప్పేయాల్సింది.

చౌడమ్మ వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. మెడ దగ్గర చర్మం ఇంకా నల్లగా కమిలి ఉంది. చౌడప్ప గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆంటీ ఆ కాగితం తీసి చౌడమ్మ ముందు పెట్టింది, ఆమెకు చదువు రాదని తెలిసి కూడా.

"నేను రాసినానమ్మా. ఇదో, నేను రాసినాను."

"నువ్వు రాసినావని నాకు తెలుసు సిస్టరమ్మా" అంది చౌడమ్మ. "నా ముందరే గదా రాసినావు. నోటితో సదువుకుంటా రాసినావు, పెన్సిలిన్ అని. నువ్వే వచ్చి మరిసిపోయినానంటివి. అంత పెద్దామె కాళ్ళు పట్టుకుంటే లేదులెమ్మని యట్ల సెప్పేది? నాకేమీ తోచలేదు ఆ పొద్దు."

ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. "ఈ పాపే కనిపెట్టింది. మీ అన్నాచెల్లెల్ని ఫోన్ ఒకరనుకునిందంట. మొన్న తెలిసింది, నిన్ననే పరిగెత్తుకోని వచ్చి చెప్పింది. ఈ కాలంలో ఎవురు చెప్తారమ్మా?"

చౌడప్ప నాకు చేతులు జోడించాడు. నా వల్ల చెల్లెలు చావు అంచుకు పోయి వస్తే, ఆయన నాకు దండం పెట్టాడు.

"మొన్న కాదు" అన్నాను. "నాకు తెలిసి ఇరవై రోజులైంది. జులై 12న తెలిసింది."

భుజం మీద ఉన్న చెయ్యి అలాగే ఉంది. ఆమె లెక్క వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. కాళ్ళు పట్టుకున్న రోజు, గుడ్డలు మడిచిన రోజులు, స్కాన్ కోసం వరుసలో కూర్చున్న రోజు.

"నాకు మొదుట్నించి నేర్పిస్తివే," అంది నెమ్మదిగా. "ఆ పొద్దు నీకు తెలుసునా?"

"తెలుసు."

చెయ్యి తీసేసింది. చౌడమ్మ పక్కన కూర్చుని, పేరు, వయసు, పడని మందులు అడిగి రాసింది. తర్వాత చౌడప్పను పిలిచి విడిగా అవే అడిగి రాసింది. రెండు సార్లూ పచ్చ గుర్తు వచ్చేదాకా ఆగింది. చౌడమ్మ ఆమెకు చెంబుతో నీళ్ళిచ్చింది, నాకూ ఇచ్చింది. నేను తాగలేకపోయాను.

వాకిట్లోకి వచ్చి ఆంటీ చెప్పులేసుకుంది. తొమ్మిదేళ్ళుగా నన్ను చంద్రీ అనీ, తల్లీ అనీ, కోపమొస్తే ఒసేయ్ అనీ పిలిచిన మనిషి, నా వైపు చూడకుండా బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"రండి మేడమ్" అంది. "ఇంకా నలభై ఇండ్లుండాయి."